పినో గ్రీ, పినో గ్రీజో, పినో బ్లాంక్: పక్కపక్కన పెట్టి రుచి చూడాలంటే ఎలా?

హిల్స్‌బరో_వాన:

మేముండేది ఒరెగాన్‌లో, పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరో. కాస్త దక్షిణానికి వెళ్తే విలామెట్ లోయ తోటలు మొదలవుతాయి, ఇండియా నుంచి ఎవరొచ్చినా అటు ఒక ట్రిప్పు వేయడం మామూలే. అక్కడ అందరూ పినో నువార్ రెడ్ గురించే చెప్తారు. నాకూ మా ఆవిడకూ ఆ రెడ్ కంటే అదే తోటల్లో చేసే తెల్ల వైన్లే ఎక్కువ నచ్చుతాయి, ముఖ్యంగా పినో గ్రీ.

నా డౌటు ఏంటంటే, షాపులో పినో గ్రీజో అని ఇటలీ బాటిల్ కొంటే పల్చగా, పుల్లగా, గటగటా తాగేసేలా ఉంటుంది. పినో గ్రీ అని ఫ్రాన్స్‌ది, ఆల్సాస్ బాటిల్ తెస్తే చిక్కగా, తేనె వాసనతో, కొంచెం తియ్యగా ఉంది. ఇక్కడి ఒరెగాన్‌ది ఆ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. మూడూ ఒకే ద్రాక్ష అంటారు! ఇవి చాలవన్నట్టు ఒక వైనరీలో పినో బ్లాంక్ పోశారు, ఇంకోచోట నల్ల ద్రాక్షతో చేసిన తెల్ల పినో నువార్ అని పోశారు, చూస్తే నిజంగానే తెల్లగా ఉంది.

వచ్చే నెలలో కొంతమంది ఫ్రెండ్స్‌ని పిలిచి వీటన్నిటినీ పేర్లు కనపడకుండా కప్పేసి రుచి చూద్దామని ప్లాన్. ఏవి కొనాలి, ఏ వరసలో పోయాలి, అసలు నోట్లో దేనికోసం వెతకాలి? తర్వాత భోజనం మన వంటే, సాల్మన్ చేప పులుసు, రొయ్యల వేపుడు ఉంటాయి, వాటితో ఏది నడుస్తుంది? "అన్నీ ఒకటే బ్రదర్, బాగా చల్లగా ఇవ్వు చాలు" అనేవాళ్లు కూడా ఆ బ్యాచ్‌లో ఉన్నారు, వాళ్లని ఎలాగైనా ఒప్పించాలి.

రైన్_ఒడ్డున:

నేను ఫ్రైబర్గ్‌లో ఉంటాను, జర్మనీలో. నది దాటితే అవతల ఆల్సాసే, కాబట్టి మీరు అడిగిన ద్రాక్ష ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా రెండు రకాలుగా ఎలా తయారవుతుందో తరచూ చూస్తూనే ఉంటాను.

ముందు ద్రాక్ష సంగతి. పినో నువార్, పినో గ్రీ, పినో బ్లాంక్ మూడూ జన్యుపరంగా దాదాపు ఒకే మొక్క. పినో నువార్ తీగలో తొక్క రంగుకు సంబంధించిన జన్యువులో మార్పు వచ్చి బూడిద, గులాబీ కలిసిన రంగు గుత్తులు కాస్తే అది గ్రీ, రంగు పూర్తిగా పోతే బ్లాంక్. ఇది ఎప్పుడో ఒకసారి జరిగి ఆగిపోయింది కూడా కాదు. ఫ్రాన్స్‌లో బర్గండీలోని న్యూయి సాన్ జార్జ్‌లో ఆన్రీ గూజ్ అనే పేరున్న నిర్మాత 1930ల్లో తన పినో నువార్ తోటలో ఒక తీగకు తెల్ల గుత్తులు రావడం గమనించి, దాని కొమ్మలతో వేరే తోట వేశారు, ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ దానితో తెల్ల వైన్ చేస్తున్నారు. ఇక మీరు చూసిన తెల్ల పినో నువార్‌లో మార్పూ లేదు, మాయా లేదు. ఆ నల్ల ద్రాక్షకు రంగంతా తొక్కలోనే ఉంటుంది, లోపలి రసం తెల్లనే. గుత్తులను నలగనివ్వకుండా నెమ్మదిగా పిండి రసాన్ని వెంటనే వేరుచేస్తే తెల్ల వైనే వస్తుంది. షాంపేన్‌లో బ్లాన్ ద నువార్ అనేది అలా చేసిందే.

మరి ఒకే గ్రీ ద్రాక్షకు ఇంత తేడా ఎందుకంటే, ముఖ్యంగా కోత సమయం. పినో గ్రీ పండేకొద్దీ పులుపు గబగబా పడిపోతుంది, చక్కెర పెరుగుతూ పోతుంది. ఇటలీ ఈశాన్యంలో మామూలు గ్రీజో చేసేవాళ్లు పులుపు ఉండగానే కోసేసి, తొక్కల రంగు దిగకుండా తొందరగా పిండి, స్టీలు ట్యాంకుల్లో చల్లగా పులియబెడతారు. ఆల్సాస్‌లో అలా కాదు. పడమటి వైపు వోజ్ కొండలు వాన మబ్బుల్ని ఆపేస్తాయి, ఫ్రాన్స్‌లో బాగా తక్కువ వాన పడే ఊళ్లలో కోల్మార్ ఒకటి. ఎండ ఉన్నంతకాలం గుత్తుల్ని తీగ మీదే ఉంచగలరు, అందుకే ఆ తేనె వాసన, ఆ చిక్కదనం. కొన్నిసార్లు చక్కెర మొత్తం ఆల్కహాల్‌గా మారకుండా మిగిలిపోతుంది, అదే మీకు తగిలిన తీపి. ఆల్సాస్ బాటిల్ కొనేవాళ్లకు ఒకప్పుడు ఇదే పెద్ద చిరాకు, మూత తీస్తే గానీ తీపిదో కాదో తెలిసేది కాదు. 2021 పంట నుంచి లేబుల్ మీద సెక్, దెమీ సెక్, మొల్యూ, దూ అని తీపి స్థాయి రాయడం తప్పనిసరి చేశారు. సెక్ అంటే డ్రై, అంటే తీపి లేనిది, ఆ తర్వాతవి వరసగా తీపి పెరుగుతూ పోతాయి. ఆల్సాస్‌లోని జింద్ హుంబ్రెహ్త్ వైనరీవాళ్లయితే అంతకు చాలా ముందు నుంచే తీపిని బట్టి 1 నుంచి 5 దాకా సొంత అంకె వేస్తున్నారు.

జర్మనీలో కూడా ఇదే గొడవ. డ్రైగా చేస్తే గ్రావుబుర్గుండర్ అనీ, బాగా పండబెట్టి తీపిగా చేసే పాత పద్ధతిదైతే రూలెండర్ అనీ అమ్ముతారు. మా దగ్గర కైజర్‌స్టూల్ అని పాత అగ్నిపర్వతపు కొండలున్నాయి, అక్కడి డ్రై గ్రావుబుర్గుండర్ దొరికితే వదలకండి. ఆల్సాస్ దానంత చిక్కదనమూ ఉంటుంది, తీపి ఉండదు. నన్నడిగితే మొత్తం పినో తెల్ల వైన్లలో నా ఓటు దానికే.

కూకట్‌పల్లి_కారం:

ఇదంతా మార్కెటింగ్ అండీ. ఒకే ద్రాక్షకు నాలుగు పేర్లు పెట్టి నాలుగు ధరలకు అమ్ముతున్నారు, అంతే. ఇక్కడ హైదరాబాద్‌లో సుంకాలూ పన్నులూ కలిసేసరికి అక్కడ మామూలు సూపర్‌మార్కెట్ గ్రీజో కూడా లగ్జరీ ధరకు వస్తుంది, తాగితే నీళ్ల కంటే రెండు మెట్లు పైన. ఆ డబ్బుకి నాసిక్‌లో చేసే షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ రెండు బాటిళ్లొస్తాయి, పైగా రుచి అనేది ఒకటుంటుంది. మీ బ్యాచ్‌లో "చల్లగా ఇవ్వు చాలు" అన్న ఆయనకు నా సపోర్ట్.

మార్నింగ్టన్_మావయ్య:

కారం గారూ, చవక గ్రీజో నీళ్లలా ఉంటుందన్నది ఒప్పుకుంటా. ఎకరానికి ఎంత వస్తే అంత పండించి, రసం పల్చబడినా పట్టించుకోకుండా చేస్తే ఏ ద్రాక్షయినా అలాగే ఉంటుంది. అది చూసి ద్రాక్షనే తీసిపారేస్తే ఎలా? ఇటలీ ఉత్తరాన ఆల్టో ఆడిజే కొండల్లోదో, స్లొవేనియా సరిహద్దులో కొల్లియోదో గ్రీజో ఒకసారి తాగి చూడండి, ఆ మాట వెనక్కి తీసుకుంటారు.

పేర్ల గోల మా మెల్బోర్న్‌లో కూడా ఉంది. మార్నింగ్టన్ ద్వీపకల్పంలో 1990ల నుంచి పినో గ్రీ గట్టిగా చేస్తున్నారు. ఇక్కడ చట్టం ప్రకారం గ్రీ అని రాసుకోవచ్చు, గ్రీజో అని రాసుకోవచ్చు, నిర్మాత ఇష్టం. మామూలుగా పుల్లగా తేలిగ్గా ఉంటే గ్రీజో అంటారు, చిక్కగా ఉంటే గ్రీ అంటారు, కానీ అందరూ పాటించరు. అందుకని ఆస్ట్రేలియన్ వైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు లేబుల్ మీద ఒక గీత వేసే పద్ధతి తయారుచేశారు, ఒక చివర కరకరలాడే పులుపు, ఇంకో చివర చిక్కదనం, ఈ బాటిల్ ఎక్కడుందో ఆ గీత మీద గుర్తు. నాకు తెలిసి వైన్ లేబుళ్ల మీద వచ్చిన తెలివైన ఆలోచనల్లో అదొకటి, అన్ని దేశాలూ పెట్టుకుంటే బాగుండేది.

హిల్స్‌బరో బాబూ, నీ టేస్టింగ్ విషయంలో నా సలహా ఒకటే. ఆరు బాటిళ్లు ఒకేసారి వరసగా పోసి "ఏది ఏదో చెప్పండి" అంటే క్విజ్ అయిపోతుంది, అందరూ భయపడి మూసుకుంటారు. దానికంటే జతలుగా పెట్టు. ఒక్కో జతలో ఒక్కటే తేడా ఉండాలి. ఒకే విలామెట్ వైనరీవాళ్ల పినో గ్రీ, పినో బ్లాంక్ పక్కపక్కన పెడితే అదే చేయి, దాదాపు అదే నేల, మారింది ద్రాక్ష మాత్రమే. తర్వాత ఇటలీ గ్రీజో, ఆల్సాస్ గ్రీ పెడితే ద్రాక్ష ఒకటే, చోటూ పద్ధతీ వేరు. అప్పుడు "అన్నీ ఒకటే" అనే మనిషి కూడా రెండో జత దగ్గర నోరు మూస్తాడు, ఎందుకంటే ఆ తేడా పట్టుకోవడానికి అనుభవం అక్కర్లేదు. మొదటి జతే కష్టం. అక్కడ తేడా సన్నగా ఉంటుంది.

మూడో జత కావాలంటే రామాతో ఒకటి సంపాదించు. ఇటలీ ఈశాన్యంలోని ఫ్రియులీలో పాత పద్ధతి, గ్రీజో ద్రాక్షను తొక్కలతో కలిపి కాసేపు నానబెడతారు, రాగి రంగు వస్తుంది. ఇప్పుడు మనం గ్రీజో అంటే తెల్లగా ఉంటుందనుకుంటాం గానీ, 1961లో సాంతా మార్గెరీటా కంపెనీ తొక్కలు లేకుండా తెల్లగా చేసి మార్కెట్‌లోకి వదిలాకే ఆ మోడల్ ప్రపంచమంతా పాకింది. తెల్ల గ్రీజో పక్కన రామాతో పెడితే తొక్క చేసే పని ఏమిటో నాలుక మీద కనపడుతుంది. వగరు తెలుస్తుంది, తెల్లదానిలో అది ఉండదు.

హిల్స్‌బరో_వాన:

మావయ్యా, జతల ఐడియా అదిరింది. రైన్ గారూ, మీరు చెప్పింది మా ఆవిడకు చదివి వినిపించా, ఇప్పుడు తనకి గ్రావుబుర్గుండర్ కావాలట, పోర్ట్‌లాండ్‌లో వెతకాలి. రామాతో అంటే మరి రోజే, అంటే గులాబీ రంగు వైనే కదా? రంగు చూసే జనం పసిగట్టేస్తారేమో, బ్లైండ్ అన్న మాటకు అర్థం ఉండదు. ఇంకా వరస, చల్లదనం, తిండి సంగతి ఎవరూ చెప్పలేదు.

డండీ_కొండ:

నేను వారాంతాల్లో ఇక్కడే, విలామెట్ లోయలో ఒక టేస్టింగ్ రూమ్‌లో పోసే పని చేస్తా, మామూలు రోజుల్లో ఐటీ. కాబట్టి ఇది నా ఏరియా.

రామాతో రోజేకి దగ్గరే గానీ దాని ద్రాక్ష తొక్కలో రంగు తక్కువ కాబట్టి గులాబీ కంటే రాగి, ఉల్లిపొర ఛాయలో ఉంటుంది. రంగుతో దొరికిపోతుందన్నది నిజమే. దాన్ని బ్లైండ్‌లో కలపకుండా చివర్లో బహిరంగంగా పోయండి, లేదంటే మన ఇళ్లలో ఎలాగూ ఉండే స్టీలు గ్లాసుల్లో పోయండి. నవ్వకండి, స్టీలు గ్లాసులో వాసన సరిగ్గా చుట్టుకోదు, కానీ రంగు దాచడానికి అంతకంటే సులువు లేదు. మిగతావాటికి మాత్రం పైన సన్నబడే గాజు గ్లాసులే వాడండి.

ఇక్కడి గ్రీ కొనాలంటే మొదలుపెట్టాల్సింది ఐరీ వైన్‌యార్డ్స్‌తో. డేవిడ్ లెట్ అనే ఆయన 1965లో ఒరెగాన్ వచ్చి, డండీ కొండల్లో పినో నువార్‌తో పాటు పినో గ్రీ కూడా నాటాడు, అమెరికాలో ఆ ద్రాక్ష మొదటి తోట అదే. ఇప్పుడు ఈ రాష్ట్రంలో తెల్ల ద్రాక్షలన్నిటిలోకీ ఎక్కువగా ఉన్నది అదే. వాళ్ల గ్రీ డ్రైగా, నిదానంగా ఉంటుంది, మొదటి గుక్కలో ఏమీ అనిపించదు, రెండో గ్లాసుకి అర్థమవుతుంది. ఇంకో సంగతి, ఒరెగాన్‌లో లేబుల్ మీద పినో గ్రీ అని ఉంటే బాటిల్‌లో 90 శాతం అదే ఉండాలి, అమెరికా మొత్తానికి ఉన్న రూలు 75 శాతమే. కాబట్టి ద్రాక్షల్ని పోల్చడానికి మన లోకల్ బాటిళ్లే నమ్మకం.

ఆల్సాస్ పినో బ్లాంక్ దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడ ఆ పేరు మీద ఓక్సెర్వా అనే ఇంకో ద్రాక్ష కలపొచ్చు, మొత్తం అదే అయినా చట్టానికి అభ్యంతరం లేదు. తాగడానికి హాయిగా ఉంటుంది, నాకు ఇష్టం కూడా, కానీ "పినో బ్లాంక్ అంటే ఇలా ఉంటుంది" అని నలుగురికి చూపించడానికి అది పనికిరాదు. కాలిఫోర్నియా పాత తోటల్లో పినో బ్లాంక్ అనుకున్న తీగల్లో చాలావరకు మెలోన్ ద బుర్గోన్ అనే వేరే ద్రాక్ష అని తర్వాత తేలింది. అసలైన బ్లాంక్ కావాలంటే ఆల్టో ఆడిజేలోని తెర్లానో సహకార సంఘం వాళ్ల పినో బియాంకో (ఇటలీలో బ్లాంక్‌కి అదే పేరు) కొనండి, అందులో ఫోర్‌బర్గ్ అనేది దొరికితే ఇంకా మంచిది. బ్లాంక్ అంటే ఆ ఏడాదే తాగేయాల్సిన చప్పటి వైన్ అనుకునేవాళ్లకు అది ఒక దెబ్బ, ఏళ్ల తరబడి నిలవుంటుంది.

చల్లదనం. మీ "బాగా చల్లగా ఇవ్వు" ఫ్రెండుకి అన్నీ ఒకటిగా అనిపించడానికి సగం కారణం ఇదే. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోస్తే వాసన పైకి రాదు, తీపి అణిగిపోతుంది, పులుపూ చేదూ మాత్రమే పొడుచుకొస్తాయి, అప్పుడు మంచి ఆల్సాస్ గ్రీ కూడా చవక గ్రీజోలాగే తోస్తుంది. మామూలుగా తాగడానికి గ్రీజో 8 డిగ్రీల దగ్గర బాగుంటుంది, కానీ పోల్చేటప్పుడు అన్నిటినీ ఒకే వేడిమిలో, 11 లేదా 12 డిగ్రీల దగ్గర పోయండి. ఫ్రిజ్‌లోంచి కాస్త ముందే తీసి బయట పెడితే దాదాపు అక్కడికి వస్తుంది.

వరస అంటారా, పులుపు ఎక్కువున్నది ముందు, తీపి ఉన్నది ఆఖరున. గ్రీజో, బ్లాంక్, తెల్ల పినో నువార్, ఒరెగాన్ గ్రీ, గ్రావుబుర్గుండర్, చివర ఆల్సాస్. తీపిది మధ్యలో పెట్టారో, దాని తర్వాత వచ్చే డ్రై వైన్ పాపం ఎంత మంచిదైనా పుల్లనీళ్లలా అనిపిస్తుంది. తలా 60 మిల్లీలీటర్లు చాలు, ఆరుగురికి పోసినా బాటిల్‌లో సగం పైనే మిగులుతుంది, అది భోజనానికి. ఉమ్మడానికి ఒక్కొక్కరికీ వేరే కప్పు పెట్టండి. మనవాళ్లు ఎంగిలి, సిగ్గు అని ఉమ్మరు, పైగా డబ్బులు పోసి కొన్నది ఉమ్మడమేంటని వాదిస్తారు. కారు తోలేవాళ్లయినా ఉమ్మాలి, అక్కడ మొహమాటం వద్దు.

దేనికోసం వెతకాలంటే, పళ్ల పేర్ల లిస్టు పక్కన పడేయండి. బేరిపండు, తెల్ల పీచ్, బాదం, మైనం అని నేను టేస్టింగ్ రూమ్‌లో చెప్తూనే ఉంటా, విన్నవాళ్లకు అవే వాసనలు వస్తాయి, అది సైకాలజీ. ఒక కాగితం ఇచ్చి పులుపు ఎంత, తీపి ఎంత, నోట్లో బరువు ఎంత, మింగాక చివర్లో చేదో వగరో తగిలిందా అని మాత్రం రాయమనండి. పినో గ్రీకి చివర్లో సన్నటి చేదు సహజం, అదొక ఆనవాలు. తియ్యటి వాసనకీ నిజమైన తీపికీ తేడా కూడా అక్కడే తెలుస్తుంది. ముక్కు మూసుకుని ఒక గుక్క వేయమనండి, తేనె వాసన పోయినా నాలుక చివర తియ్యదనం నిలిస్తే అది చక్కెరే.

తిండి గురించి చెప్తే కొందరికి నచ్చదు. గుంటూరు కారంతో చేసిన రొయ్యల వేపుడుకు 14 శాతం ఆల్కహాల్ ఉన్న గ్రీ ఇస్తే మంట ఇంకా ఎగదోస్తుంది. చిన్నగా తీపి ఉన్నది, ఆల్కహాల్ తక్కువున్నది వెతకండి. పులుసుకి ఏ పినో గ్రీ సరిపోదు నా ఉద్దేశంలో, చింతపండు పులుపు ముందు ఆ వైన్ పులుపు నిలబడదు, చప్పగా పడిపోతుంది.

రైన్_ఒడ్డున:

డండీ గారూ, పులుసు మాటలో మీతో పూర్తిగా ఏకీభవించను. పులుసుకు గ్రీ వద్దు సరే, ఆల్టో ఆడిజే పినో బియాంకో పెట్టి చూడండి, దానికి పులుపు గట్టిగా ఉంటుంది, వాసన తక్కువ కాబట్టి మెంతులతో, ఇంగువతో కొట్లాడదు. మేమిక్కడ చేప పులుసుకు వైసుబుర్గుండర్, అంటే జర్మనీ పినో బ్లాంకే తాగుతాం. సాల్మన్‌నే కొబ్బరిపాలతో ఇగురు చేస్తే మాత్రం దెమీ సెక్ గ్రీ, ఆ జతకు ఎదురులేదు.

ఇంకొక చిలిపి సలహా. బ్లైండ్‌లో ఓక్ పీపాల వాసన తగలని షార్డనే అనే తెల్ల వైన్ ఒకటి, ఫ్రాన్స్ షాబ్లీ లాంటిది, చెప్పకుండా పినో బ్లాంక్ పక్కన పెట్టండి. షార్డనే పినోకి పిల్లే, పినో, గువే బ్లాన్ అనే ద్రాక్షల సంకరమని 1999లో డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. ఇటలీలో ఈ రెండు తీగల్ని చాలాకాలం ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునేవారు, అనుభవమున్న రైతులే పొరబడినప్పుడు మీ బ్యాచ్ పొరబడితే తప్పేమీ లేదు.

కూకట్‌పల్లి_కారం:

చూశారా, రైతులకే తెలియదట! నా పాయింటు మీరే చెప్పారు. సరే, జతల పద్ధతి మాత్రం బాగుంది, నేను నాసిక్‌వాళ్ల షెనిన్, సావిన్యోన్ పెట్టి ట్రై చేస్తా, ఇక్కడ పినోలు అందుబాటులో ఉంటే కదా.

హిల్స్‌బరో_వాన:

అయితే లిస్టు ఖాయం. గ్రీజో, తెర్లానో, తెల్ల పినో నువార్, ఐరీ గ్రీ, దొరికితే గ్రావుబుర్గుండర్, చివర ఆల్సాస్. షాబ్లీ నా దగ్గరే రహస్యం. రామాతో విడిగా. పులుసు, ఇగురు రెండూ చేయిస్తా, తేల్చుకుందాం. ఒక్క ప్రశ్న మిగిలింది, తాగగా మిగిలిన సగం బాటిళ్లు ఎన్నాళ్లు ఉంటాయి?

డండీ_కొండ:

మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే గ్రీజో ఒకటి రెండు రోజులు, గ్రీ, బియాంకో మూడు నాలుగు రోజులు, రామాతో ఇంకాస్త ఎక్కువ. తీపి ఉన్న ఆల్సాస్ వారం దాకా లాగిస్తుంది. తెర్లానో మర్నాడు ఇంకా బాగుంటుంది, అది పూర్తిగా ఖాళీ చేయకండి. తెల్ల పినో నువార్ మాత్రం ఆ రాత్రికే అవగొట్టండి.